మధ్య రంగం

మా చెల్లెలి నాటకాల్లో మధ్య రంగం ఏమిటో ముందే కనిపెట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని మా బృందంలో పేరు. ఆరు నాటకాలకి ఆరూ కనిపెట్టాను. ఏడోదీ కనిపెట్టాననుకున్నాను. ఆ అనుకోవడమే నా కొంప ముంచింది. ఇది జరిగి రెండు నెలలు కావస్తోంది, ఇప్పటికీ కత్తెర పడితే గీత తప్పుతున్నాను. నాది బట్టలు కుట్టే చెయ్యి. గీత తప్పితే పని సాగదు. అందుకే వరసగా చెప్పేస్తాను.

ముందు ఆవిడగారి పద్ధతి చెప్పాలి. మా చెల్లెలు చదువుకునే రోజుల్లో ఒక ముసలి ప్రొఫెసరు దగ్గర రెండేళ్ళు హీబ్రూ భాషలోని పాత పద్యాలు నేర్చుకుంది. ఆ పద్యాలు రాసినవాళ్ళకి ఒక అలవాటట. మొదటి మాటకి జత చివరి మాటలో ఉంటుంది. రెండో మాటకి జత చివరి నుంచి రెండో దాంట్లో ఉంటుంది. అలా రెండు కొసల నుంచీ లోపలికి నడుచుకుంటూ వస్తే సరిగ్గా మధ్యలో ఒకటి ఒంటరిగా మిగులుతుంది. దానికి జత ఉండదు. చెప్పదలుచుకున్నదంతా అక్కడే ఉంటుంది. "మనం గుట్టంతా చివర్లో విప్పుతాం కదక్కా, వాళ్ళు మధ్యలో పెట్టేవాళ్ళు" అని అది చెప్పినప్పుడు నాకు పద్యాలు అర్థం కాలేదు గానీ దుప్పటి అర్థమైంది. ఇద్దరు చెరో వైపూ పట్టుకుని అంచుకి అంచు కలిపితే మడత మధ్యలో పడుతుంది. అంతేనా అన్నాను. అంతేనంది. ఆ మాట బృందమంతా పాకి, దానికి మడత మేడం అనే పేరు స్థిరపడిపోయింది.

దాని నాటకాలన్నిటికీ ఏడు రంగాలే. రిహార్సల్ కూడా వరసగా చేయించదు. మొదటి రంగం, ఏడో రంగం ఒకే రోజు. రెండోది, ఆరోది మరో రోజు. మూడోది, ఐదోది ఇంకో రోజు. నాలుగో రంగం కాగితం మాత్రం కవర్లో పెట్టి అంటించేసి, ప్రదర్శనకి తొమ్మిది రోజుల ముందు దాకా ఎవరికీ ఇవ్వదు. ముందే తెలిస్తే మిగతా రంగాల్లో మన మొహాలు ఆ సంగతి చెప్పేస్తాయని దాని వాదన. నటులు సణుగుతారు. సామాన్లు చూసే బాబాయ్ అయితే, "అన్నం వడ్డించి కూర తొమ్మిది రోజుల తరవాత అంటుంది మీ చెల్లెలు" అని ప్రతిసారీ అంటాడు, ప్రతిసారీ తనే నవ్వుకుంటాడు.

ఆ కవరు మీద మాకో పందెం ఉంది. మధ్య రంగంలో ఏం జరుగుతుందో ఎవరికి వాళ్ళు చీటీ మీద రాసి టీపొడి డబ్బాలో వేస్తాం. కవరు తెరిచిన రోజు చీటీలు చదువుతాం. సరిగ్గా చెప్పినవాళ్ళకి ఓడినవాళ్ళు టీ పెట్టి ఇవ్వాలి. ఆరుసార్లూ నేను కాలు మీద కాలు వేసుకుని టీ తాగాను. రెండు పక్కలా ఉన్నది చూస్తే మధ్యలో ఏం ఉండాలో చెప్పడం నాకు కష్టం కాదు. చొక్కా ముందు భాగం, వెనక భాగం ఇచ్చి చెయ్యి ఎంతుండాలో చెప్పమంటే చెప్పనా? ఇదీ అంతేనని నా మిడిసిపాటు.

ఏడో నాటకం మొదటి కాగితాలు చేతికిచ్చినప్పుడే అది మా ఇంటి కథ అని తెలిసింది. మొదటి రంగంలో ఒక తల్లి సంచి పట్టుకుని గుమ్మం దాటి వెళ్ళిపోతుంది, ఇద్దరు ఆడపిల్లలు చూస్తూ నిలబడతారు. ఏడో రంగంలో ఎవరో సంచి పట్టుకుని గుమ్మంలోకి వస్తారు, పెద్దవాళ్ళయిన ఆ ఇద్దరూ లేచి నిలబడతారు. అందులో దాచేదేం లేదు. మా అమ్మ నాన్నతో గొడవపడి వెళ్ళిపోయినప్పుడు నాకు పన్నెండేళ్ళు, దానికి ఐదు. నాన్న లారీ నడిపేవాడు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. దాన్ని నేనే పెంచాను. జడ వేశాను, అన్నం పెట్టాను, స్కూల్లో సంతకం పెట్టాను. తరవాత నాకు పెళ్ళి ఊసే రాలేదు, వచ్చినా నేను పట్టించుకోలేదు. దానికి ఒకసారి అయింది, నిలవలేదు. మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. ఇద్దరం రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. నాకు ఈ లోకంలో ఉన్నది అదొక్కతే. ఈ మాట ఎవరి దగ్గరా మొహమాటపడకుండా చెప్తాను.

పెద్దపిల్ల వేషం నాకే ఇచ్చింది, చిన్నప్పటి రంగాల్లో కూడా. "పిల్లలా గెంతడానికి నా మోకాళ్ళని అడగాలి కదే" అన్నాను. "గెంతక్కర్లేదులే, నువ్వు అప్పుడూ ముసలమ్మలాగే నడిచేదానివి" అంది. చిన్నపిల్ల వేషం మా బృందంలో ఇరవై రెండేళ్ళ అమ్మాయికి ఇచ్చింది. ఆ పిల్ల సన్నగా, గలగలమంటూ ఉంటుందని అందరం పిచ్చుక అంటాం.

రెండో రంగంలో పెద్దపిల్ల తల్లి శాలువాని పెట్టె అడుగున దాస్తుంది, చిన్నది చూసి ఏడవకూడదని. ఆరో రంగంలో పెద్దయిన చెల్లెలు ఆ శాలువా తీసి అక్క భుజాల మీద కప్పుతుంది. రిహార్సల్ చేస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి. మా రిహార్సల్ హాలు కింద కుర్చీలు బాగుచేసే దుకాణం ఉంది, వార్నిష్ వాసన పైకి కొడుతుంది. దాని మీదికి తోసేశాను.

మూడో జత వచ్చిన రోజు నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మూడో రంగంలో పెద్దపిల్ల స్టూలెక్కి తలుపు గడియ పెడుతుంది. చిన్నదాంతో, "ఎవరొచ్చి కొట్టినా తియ్యొద్దు" అంటుంది. ఐదో రంగంలో పెద్దయిన చెల్లెలు నవ్వుతూ అక్కతో అంటుంది, "ఎవరొచ్చినా తియ్యొద్దన్నావు. నేను తియ్యలేదు." పిచ్చుక ఆ మాట అంటుంటే నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. ఇటు పక్క తియ్యొద్దు, అటు పక్క తియ్యలేదు. అయితే మధ్యలో ఏం ఉండాలి? ఎవరో వచ్చి ఉండాలి. వచ్చి తలుపు కొట్టి ఉండాలి.

వచ్చింది. మా అమ్మ వెళ్ళిపోయిన ఏడాది తరవాత, ఒక మధ్యాహ్నం, వచ్చి తలుపు కొట్టింది. తీసింది నేను. వెనక్కి పంపింది నేను. ఆ సంగతి ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. చెల్లెలికి తెలిసిపోయింది, నాటకం రాసి, నన్నే అందులో నిలబెట్టి, నలుగురిలో నా చేతే చెప్పించబోతోంది అనిపించింది. ఆ రోజు నా మాటలు రెండుసార్లు మర్చిపోయాను. "ఏంటక్కా, ఒంట్లో బాలేదా?" అని అడిగింది. దాని మొహం మామూలుగానే ఉంది. ఎంత ఒద్దికగా నటిస్తోంది అనుకున్నాను.

ఆ వారమంతా అది పక్క గదిలో కాగితాలు తిప్పుతుంటే తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని మిషను తొక్కేదాన్ని. ఒక చొక్కాకి రెండు కుడి చేతులు కుట్టాను. డబ్బాలో చీటీ వెయ్యలేదు. బాబాయ్ అడిగితే, ఇంకా తేలలేదన్నాను. అది వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది, ఎన్నాళ్ళకి గెలుస్తానో అని.

కవరు తెరవాల్సిన ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి అందరూ వస్తారు. నేను ఒకటిన్నరకే హాలుకి వెళ్ళాను. మా చెల్లెలు నేల మీద గొంతుక్కూర్చుని సుద్దముక్కతో కుర్చీలు, బల్లలు ఎక్కడ పెట్టాలో గుర్తులు గీస్తోంది. వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను.

"ఆ కవరు ఇవాళ తెరవకే బుజ్జీ" అన్నాను.

"ఏం? పందెం ఓడిపోతావనా?"

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఏది?"

ఎలా సాగదీస్తోందో చూడు అనుకున్నాను. కోపం కూడా వచ్చింది. తప్పు నాది, కోపం కూడా నాదే. "ఇంక చాల్లే. మూడుకీ ఐదుకీ మధ్య ఏముందో నేను కనిపెట్టాను" అన్నాను.

"నువ్వు కనిపెట్టకపోతే ఇంకెవరు కనిపెడతారు? ఆ రోజు అక్కడ ఉన్నది మనిద్దరమే కదా" అంది, గీత గీస్తూనే.

ఇంక నావల్ల కాలేదు. నిలబడే చెప్పేశాను.

"అమ్మ వచ్చింది. నిజమే. నేనే తలుపు తీశాను. బయటికెళ్ళి వెనక తలుపు వేసేశాను. గది దొరికిందంది, పని దొరికిందంది. ఇద్దర్నీ ఇప్పుడే పెట్టుకోలేను, చిన్నదాన్ని తీసుకెళ్తాను, నువ్వు పెద్దదానివి, కొన్నాళ్ళు నాన్న దగ్గరుండు అంది. నిన్ను తీసుకెళ్ళిపోతుందని నాకు ఊపిరాడలేదు. నువ్వు ఇంట్లో లేవన్నాను. నాన్నతో లారీలో వెళ్ళావు, నెల దాకా రావన్నాను. నువ్వు అమ్మని అడగడం కూడా మానేశావు, ఇంక రాకు అన్నాను. అప్పుడు నువ్వు లోపల స్నానాల గదిలో ఉన్నావు. నీ తలకి సబ్బు రాసి, కళ్ళు తెరవకు, నేనొచ్చేదాకా వంద లెక్కపెట్టు అని చెప్పి వచ్చాను."

సుద్దముక్క ఆగిపోయింది. అది తల ఎత్తలేదు. కింద దుకాణంలో ఎవరో కుర్చీకి మేకు కొడుతున్నారు. తరవాత అది మెల్లిగా లేచి, గోడకి తగిలించిన సంచిలోంచి కవరు తీసి, చింపి, కాగితం నా చేతికిచ్చింది.

కాగితం మీద ఇలా ఉంది.

"నాలుగో రంగం. మధ్యాహ్నం. స్నానాల గది. బకెట్టు, స్టూలు, తువ్వాలు. చిన్నది కళ్ళు మూసుకుని కూర్చుని ఉంటుంది, తలంతా సబ్బు నురగ.

పెద్దది: కళ్ళు తెరవకు, మండుతాయి. నేను వేడినీళ్ళు తెస్తాను. వంద లెక్కపెట్టు.

(పెద్దది బయటికి వెళ్తుంది. చిన్నది కాసేపు లెక్కపెడుతుంది. పెద్దది వచ్చి నీళ్ళు పోస్తుంది. తువ్వాలుతో చుట్టి ఒళ్ళోకి తీసుకుంటుంది.)

చిన్నది: అమ్మ ఎప్పుడొస్తుందక్కా?

పెద్దది: అమ్మ రాదు. నేనున్నాను.

(సాయంత్రం అయ్యేదాకా పెద్దది చిన్నదాన్ని వదలదు.)"

అడుగున పెన్సిలుతో, నా కోసం కాబోలు, చిన్న అక్షరాల్లో రాసి ఉంది. "నాకు భయం పోయిన రోజు ఇదే అక్కా. నువ్వు మర్చిపోయి ఉంటావు."

రెండుసార్లు చదివాను. తలుపు కొట్టడం లేదు. అమ్మ లేదు. ఎవరూ రాలేదు. దానికి ఏమీ తెలియదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగని సంగతిని నేనే వచ్చి, తలుపు వేసి మరీ, దాని ముందు కుమ్మరించాను. కూర్చుందామంటే కుర్చీ లేదు, సుద్ద గీతలే ఉన్నాయి.

"నేను తియ్యలేదు అని ఐదో రంగంలో..." అని ఎలాగో అన్నాను.

"బిల్లులవాళ్ళు కొట్టేవాళ్ళు. పక్కింటివాళ్ళు కొట్టేవాళ్ళు. నువ్వు పనికి వెళ్ళినప్పుడు ఒక్కదాన్నే ఉండేదాన్ని కదా. ఒక్కసారి కూడా తియ్యలేదు. నువ్వు చెప్పావని. నీ మాట విన్నానని నువ్వు మురిసిపోతావనుకుని రాశాను."

దాని గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నిద్రలోంచి లేపిన మనిషి మాట్లాడినట్టు మాట్లాడింది.

"మూడుసార్లు లెక్కపెట్టాను నేను" అంది. "వంద అయింది, నువ్వు రాలేదు. మళ్ళీ మొదలుపెట్టాను. మూడోసారికి సబ్బు ఎండిపోయి నెత్తి దురద పుట్టింది. నీళ్ళు కాగడం లేదు కాబోలనుకున్నాను. అంతసేపు ఏం మాట్లాడావు?"

"మాట్లాడింది కొంచెమే. తరవాత అమ్మ మెట్టు మీద కూర్చుండిపోయింది. నేను లోపలికొచ్చి తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాను, మళ్ళీ కొడుతుందేమోనని. నువ్వు గట్టిగా లెక్కపెడుతున్నావు. బయటికి వినిపిస్తుందేమోనని పంపు తిప్పాను."

"వినిపించిందా?"

"తెలియదు. తలుపు వైపు చూసింది. తరవాత లేచి వెళ్ళిపోయింది."

అది రెండు చేతులతోనూ మొహం రుద్దుకుంది. సుద్ద బుగ్గలకి అంటుకుంది. చిన్నప్పుడైతే నా కొంగుతో తుడిచేదాన్ని. చెయ్యి లేచింది గానీ ముందుకి వెళ్ళలేదు.

"నాకు పదమూడేళ్ళే బుజ్జీ" అన్నాను.

"తెలుసు" అంది. "పదమూడేళ్ళ పిల్ల అలాగే చేస్తుంది. నేనైనా చేసేదాన్నేమో." "ఇంకేమైనా ఉందా?" అని అడిగింది.

లేదని ఒక్క మాట అంటే అయిపోయేది. దాని కళ్ళు అప్పటికీ నా వైపు మెత్తగానే ఉన్నాయి. ఆ ఒక్క మాట అనేసి ఉంటే ఈ రోజు అది ఇంట్లోనే ఉండేది. కానీ ఆ పూట నా నోరు నా మాట వినడం మానేసింది.

"ఉత్తరం రాసింది. తొమ్మిదేళ్ళ కింద."

"ఎవరికి?"

"నీకు. పేపర్లో నీ ఫొటో చూసిందట. ఒక నాటకం చూడాలని ఉంది, ఒక్క టిక్కెట్టు పంపితే వెనక వరసలో కూర్చుని వెళ్ళిపోతాను, మాట్లాడను అని రాసింది."

"నువ్వేం చేశావు?"

"చింపేశాను."

"ఇప్పుడెక్కడుంది?"

"లేదు. ఆ మరుసటి ఏడాది పోయింది. అమ్మ పక్క గదిలో ఉండే ఆవిడ కార్డు రాసింది. అదీ చింపేశాను."

అది నన్ను చూసిన చూపు నేను చెప్పలేను. కొయ్యబారిపోవడం అంటారే, ఎదుటి మనిషి నిజంగా కొయ్యబారిపోతే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. రెప్ప వెయ్యలేదు. చేతిలో సుద్ద రెండు ముక్కలై కింద పడితే దానికి తెలియలేదు.

"అప్పుడు నీకు నలభై రెండేళ్ళు" అంది.

పదమూడేళ్ళ పిల్ల వెనక దాక్కుందామనుకుంటే అది అక్కణ్ణుంచి కూడా లాగేసింది. నిజమే, నలభై రెండేళ్ళ మనిషిని, కుట్టు మిషను ముందు కూర్చుని, తల్లి రాసిన ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేశాను. చెల్లెల్ని పోగొట్టుకుంటానన్న భయం మొదటిసారి ఎంత ఉందో రెండోసారీ అంతే ఉంది. ఎందుకో నాకే తెలియదు. అప్పటికి ఎవరూ దాన్ని నా నుంచి ఎత్తుకుపోలేరు.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. రెండయింది. "మొహం కడుక్కో, వస్తున్నారు" అంది.

"ఈ రంగం మార్చెయ్యవే. జరిగింది జరిగినట్టు రాసెయ్. నేను ఆడతాను. ఎంతమంది చూసినా ఆడతాను" అని బతిమాలాను.

"ఎందుకు మార్చాలి? నేను రాసింది అబద్ధం కాదు. నాకు జరిగింది అదే. నీకు జరిగింది నువ్వు చూసుకో" అని కాగితం నా చేతిలోంచి తీసుకుంది.

అందరూ వచ్చారు. గుండ్రంగా కూర్చున్నారు. బాబాయ్ డబ్బా తెచ్చి చీటీలు చదవడం మొదలుపెట్టాడు. ఒకరు తండ్రి చనిపోతాడని, ఇంకొకరు ఇల్లు కాలిపోతుందని రాశారు. చివరికి తన చీటీ తీసి గొంతు సవరించుకున్నాడు. "మధ్య రంగంలో తల్లి తిరిగి వస్తుంది. పెద్దపిల్ల తలుపు తియ్యదు." చదివి, గెలిచినట్టే అందరి వైపూ చూశాడు.

నేను గబుక్కున మా చెల్లెలి వైపు చూశాను. అది మాత్రం నోట్‌బుక్కులోంచి తల ఎత్తకుండా, "తప్పు బాబాయ్" అంది. "ఎవరూ రారు. అక్క చెల్లెలికి తల రుద్దుతుంది. అంతే." ఆయన నీరుగారిపోయాడు. పిచ్చుక కాగితం చదువుకుని, "ఎంత బాగుంది పెద్దక్కా, మీరు నిజంగా ఇలాగే పెంచారా?" అని నా చెయ్యి పట్టుకుంది. పందెం ఎవరూ గెలవలేదు గనక ఎవరి టీ వాళ్ళే పెట్టుకున్నారు.

నాటకంలో మా చెల్లెలు మార్చింది ఒక్కటే. "కాసేపు లెక్కపెడుతుంది" అన్నచోట కొట్టేసి "వంద దాకా లెక్కపెడుతుంది" అని రాసింది. అంతసేపు జనం కూర్చోరని బాబాయ్ మొత్తుకున్నాడు. అది వినలేదు. "వంద పూర్తయ్యేదాకా అక్క ఆ తలుపవతలే ఉండాలి" అంది. అంతకుముందు నేను ఆ తలుపు పక్కన తెర చాటుకి వెళ్ళి నిలబడితే సరిపోయేది. ఇప్పుడు తలుపుకి సరిగ్గా వెనక, దానికి ఎదురుగా నిలబడమంది. నేలమీద నా పాదాల గుర్తు తనే గీసింది.

ఆ రోజు నుంచి ఇంటికి రాలేదు. హాల్లో పనుందంది. మూడో రోజు నేను కుట్టుపనికి బయటికి వెళ్ళినప్పుడు వచ్చి తన బట్టలు, పుస్తకాలు తీసుకెళ్ళిపోయింది. పిచ్చుక గదిలో ఉంటోందని తరవాత తెలిసింది. రిహార్సల్లో నాతో మాట్లాడేది, కాస్త ఎడమకి జరుగు, గొంతు పెంచు, అని. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ లేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టడానికైనా మనిషి దగ్గరికి రావాలి కదా.

మొదటి ప్రదర్శన సాయంత్రం ఆరున్నరకి. హాలు నిండింది. మూడు రంగాలు నల్లేరు మీద బండిలా సాగాయి. నాలుగోది మొదలైంది. పిచ్చుక స్టూలు మీద కళ్ళు మూసుకుని కూర్చుంది, నెత్తిమీద నురగ. వంద లెక్కపెట్టమని చెప్పి, మగ్గు పట్టుకుని నేను తలుపు దాటి, వెనక్కి తిరిగి, గుర్తు మీద నిలబడ్డాను.

పాతిక దాకా జనం నవ్వారు. పిచ్చుక పిల్లలా అంకెలు మింగేస్తూ, ఒకటి వదిలేసి మళ్ళీ వెనక్కి వస్తూ లెక్కపెట్టింది. నలభై దగ్గర నవ్వులు తగ్గాయి. అరవైకి దగ్గు కూడా లేదు. నా ముందు రంగు పూసిన చెక్క తలుపు, అవతల నుంచి పిల్ల గొంతు. మా అమ్మ నిలబడిన వైపు ఇది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఈ వైపు నుంచి ఆ తలుపుని చూడలేదు నేను. ఇక్కడికి అంతా వినిపిస్తోంది. ప్రతి అంకె వినిపిస్తోంది. ఆవిడకి వినిపించింది. బిడ్డ లోపలే ఉందని తెలిసే మెట్టు దిగి వెళ్ళిపోయింది. నేను అబద్ధం చెప్పానని తెలిసి, ఆ అబద్ధం ఎందుకు చెప్పానో కూడా తెలిసి, నాకు వదిలేసి వెళ్ళింది. అప్పటిదాకా నేను ఆవిణ్ణి గెలిచాననుకున్నాను. మగ్గులో నీళ్ళు నా కాళ్ళ మీద ఒలికాయి.

"వంద" అంది పిచ్చుక.

లోపలికి వెళ్ళాను. మిగిలిన నీళ్ళు పోశాను. తువ్వాలు చుట్టి ఒళ్ళోకి తీసుకున్నాను. ఆ పిల్ల తల నా గుండెకి ఆనించి అడిగింది, "అమ్మ ఎప్పుడొస్తుందక్కా?"

నాకు మాట రాలేదు. ముప్ఫై ఏళ్ళుగా నాటకాలాడుతున్నాను, రంగస్థలం మీద నాకు ఎవరూ మాట అందించాల్సిన అవసరం రాలేదు. ఎడమవైపు తెర చాటున మా చెల్లెలు కాగితాలు పట్టుకుని కూర్చుని ఉంది. అది గొంతు వణక్కుండా, నాకు మాత్రమే వినపడేలా అందించింది.

"అమ్మ రాదు."

"అమ్మ రాదు" అన్నాను.

తరవాతి మాట కోసం దాని వైపు చూశాను. అది అందించలేదు. కాగితాలు ఒళ్ళో బోర్లించి నన్నే చూస్తోంది. పిచ్చుక కళ్ళు మూసుకుని ఎదురుచూస్తోంది. నేనున్నాను అనడానికి నా నోరు పెగల్లేదు. రంగం అయిపోయిందనుకుని లైట్లు చూసే అతను చీకటి చేసేశాడు. చీకట్లో జనం చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున మా చెల్లెలు అందరి దగ్గరా నాలుగో రంగం కాగితాలు అడిగి తీసుకుంది. ఒక్కొక్క దాంట్లోనూ ఎర్ర పెన్నుతో "నేనున్నాను" అన్న మాట కొట్టేసి, ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చేసింది. నా కాగితం చివర ఇచ్చింది.